మా కంచె వెనక పెద్ద స్టోర్ వస్తోందట. ఏం చెప్తే సిటీ వాళ్లు వింటారు?

వెనక_వీధి_వాణి

మా ఇంటి కంచె వెనక 22 ఎకరాల బీడు ఉంది. మొన్న శుక్రవారం పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకొస్తుంటే దాని మూల మీద సిటీ వాళ్ల బోర్డు కనిపించింది. జోనింగ్ (ఆ నేలను దేనికి వాడొచ్చన్న నిబంధన) మార్పు, పబ్లిక్ హియరింగ్ అని. కేసు నంబర్ ఫొటో తీసుకుని ఇంటికొచ్చి వెబ్‌సైట్‌లో కాగితాలన్నీ తిరగేశాను. 1,82,000 చదరపు అడుగుల స్టోర్, పక్కన గ్యాస్ స్టేషన్, ముందు 800 కార్లకు పార్కింగ్. ఏ కంపెనీదో ఎక్కడా రాయలేదు, ఏదో ఎల్.ఎల్.సి. (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ) పేరు ఉందంతే. స్టోర్ ముఖం హైవే వైపు, వీపు మా వైపు. సరుకు దించే డాక్ సరిగ్గా మా వీధి వెనకే. మా చిన్నదాని గది కిటికీ నుంచి ఆ డాక్ దాకా ప్లాన్ మీద స్కేలు పెట్టి కొలిచాను. 140 అడుగులు.

ఇల్లు కొన్నప్పుడు బిల్డర్ మనిషి "వెనక చిన్న చిన్న ఆఫీసులు వస్తాయండీ" అన్నాడు. ఆ మాట నమ్మి 30 ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకున్నాం. శనివారం నుంచి ఇల్లిల్లూ తిరిగి 63 సంతకాలు పట్టాను. ప్లానింగ్ కమిషన్ హియరింగ్ ఇంకో మూడు వారాల్లో. మాది టెక్సస్. ఇలాంటిది ఎవరైనా ఎదుర్కొన్నారా? అక్కడికెళ్లి ఏం మాట్లాడాలి?

డల్లాస్_దొర

మీరు చెప్పే బీడు ఏదో నాకు తెలుసు వాణి గారూ. మాదీ అదే సబ్‌డివిజన్, మూడు వీధుల ఇవతల. నేను మాత్రం ఆ స్టోర్ రావాలనే కోరుకుంటున్నాను. ముగ్గురు పిల్లలు. డైపర్ల నుంచి కారు బ్యాటరీ దాకా ఏది కావాలన్నా పాతిక నిమిషాలు డ్రైవ్ చేస్తున్నాం. మన ఇళ్లు కట్టకముందు ఇదీ పశువులు మేసిన నేలే. మనం వచ్చాక ఇంకెవరూ రాకూడదంటే ఎలా?

వెనక_వీధి_వాణి

రాకూడదని కాదండీ. పాప నిద్రపోయే గది పక్కన రాత్రి రెండింటికి ట్రక్కు రివర్స్ అవుతుంటే మీరైతే ఊరుకుంటారా?

బెజవాడ_బ్రో

ఇద్దరిదీ ఒకే సబ్‌డివిజనా! ఇన్నాళ్లూ ఇక్కడ క్రికెట్ గురించి కొట్టుకున్నారు, పక్కపక్క వీధులని ఇప్పుడు తెలిసింది. వాణి అక్కా, మా దగ్గర నాలుగేళ్ల క్రితం ఇలాగే జరిగింది. 900 మంది ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకం పెట్టాం. హియరింగ్‌కి 14 మంది వచ్చాం. స్టోర్ కట్టేశారు.

ప్లాన్_గీసేవాడు

సివిల్ ఇంజినీర్‌ని. పదేళ్లుగా డెవలపర్ల తరఫున ఇలాంటి సైట్ ప్లాన్లు గీస్తున్నాను, కాబట్టి అవతలి బల్ల దగ్గర కూర్చున్నవాడి మాటగా వినండి.

ముందు ఒక విషయం. "ఆ కంపెనీ మంచిది కాదు, జీతాలు తక్కువిస్తుంది" అని మూడు నిమిషాలు మాట్లాడితే ఆ మూడు నిమిషాలూ వృథా. జోనింగ్ అనేది నేలను దేనికి వాడతారన్న ప్రశ్న. ఎవరు వాడతారన్నది కమిషన్ చూడదు, చూడకూడదు కూడా. మాట్లాడాల్సింది డాక్ గురించి, ట్రాఫిక్ గురించి, వాన నీరు ఎటు పోతుందన్న దాని గురించి, లైట్ల గురించి. ఈ నాలుగింటి మీద ఎవరైనా పేజీ నంబర్ చెప్పి ప్రశ్న అడిగితే మా వైపు లాయర్‌కి చెమట పడుతుంది. నేను కళ్లారా చూశాను.

హియరింగ్‌కి కొద్ది రోజుల ముందు సిటీ ప్లానర్లు రాసే స్టాఫ్ రిపోర్ట్ బయటికి వస్తుంది. దాన్ని పూర్తిగా చదవండి. ట్రాఫిక్ స్టడీ అడిగి తీసుకోండి. అందులో కార్లు ఏ రోజు లెక్కపెట్టారో చూడండి. స్కూళ్లకు సెలవులున్న వారంలో లెక్కపెట్టిన స్టడీలు నేనే రెండు చూశాను. 1,82,000 అడుగులంటే కప్పే నాలుగు ఎకరాల పైచిలుకు. దాని చుట్టూ పార్కింగ్. అంత నేల ఒక్కసారిగా కాంక్రీటు అయితే నీళ్లు పల్లానికే వస్తాయి. మీ వీధి పల్లంలో ఉందా?

ఇక మీ 63 సంతకాలు. మంచి పనే, కానీ వాటికి చట్టంలో బరువు లేదు. టెక్సస్‌లో బరువున్నది వేరే ఉంది. జోన్ మార్చే స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న నేలలో 20 శాతానికి యజమానులైన వాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్తే, చివరి ఓటు వేసే సిటీ కౌన్సిల్‌లో మామూలు మెజారిటీ సరిపోదు. మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. ఏడుగురు సభ్యులుంటే ఆరుగురు. ఇద్దరు కాదంటే చాలు, ఆగిపోతుంది.

బెజవాడ_బ్రో

అయితే మా 900 సంతకాల్లో పనికొచ్చేవి పది కూడా లేవన్నమాట. మాకీ సంగతి ఒక్కరూ చెప్పలేదు. అక్కా, ముందు టేపు పట్టుకోండి, తర్వాతే పెన్ను.

వెనక_వీధి_వాణి

ఇది నాకు అస్సలు తెలియదు. మా వీధి పల్లమే. కిందటి మే నెల వానకి మా ఎదురింటి గ్యారేజ్‌లోకి నీళ్లొచ్చాయి. 200 అడుగుల్లో ఎన్ని ఇళ్లుంటాయి? ఎన్ని కావాలి?

ప్లాన్_గీసేవాడు

స్థలం రమారమి చదరంగా ఉందనుకుంటే 22 ఎకరాల చుట్టూ 200 అడుగుల పట్టీ దాదాపు 21 ఎకరాలు వస్తుంది. అందులో 20 శాతం అంటే 4.2 ఎకరాలు. మీ లాట్లు 60 అడుగుల వెడల్పు, 120 లోతు అయితే ఒక్కోటి ఆరో వంతు ఎకరం. అంటే 26 ఇళ్లు. ఇది నా కాకి లెక్క. అసలు లెక్క సిటీ వాళ్లది, వాళ్ల ప్లానింగ్ ఆఫీసుకి వెళ్లి పటం అడగండి, ఇస్తారు. ఇంటి పత్రాల మీద ఎవరి పేరుందో వాళ్లే సంతకం పెట్టాలి. భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటే ఇద్దరి చేతా పెట్టించండి, పేచీ ఉండదు.

లెక్కల_మాస్టారు

కౌన్సిల్ వాళ్లు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది, "సేల్స్ టాక్స్ వస్తుంది, మీ ఇంటి పన్ను తగ్గుతుంది" అని. అదే మాట మీ హియరింగ్‌లోనూ వస్తుంది, సిద్ధంగా ఉండండి.

టెక్సస్‌లో సేల్స్ టాక్స్ గరిష్ఠంగా 8.25 శాతం. అందులో 6.25 రాష్ట్రానికి పోతుంది. మిగిలిన 2 శాతమే స్థానికానికి, అందులోనూ చాలా ఊళ్లలో ఒక శాతమే నేరుగా సిటీ ఖజానాకి చేరుతుంది. ఇంకో సంగతి, వండని ఆహార సరుకుల మీద ఇక్కడ సేల్స్ టాక్స్ లేదు. ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనే మందుల మీద కూడా లేదు. ఏడాదికి 8 కోట్ల డాలర్ల అమ్మకం అనుకుందాం. అందులో సగం కిరాణా అయితే పన్ను పడేది 4 కోట్ల మీదే. ఒక శాతం అంటే 4 లక్షలు. ఆ 4 కోట్లలో ఇప్పటికే అదే ఊళ్లోని వేరే షాపుల్లో జరుగుతున్న అమ్మకం ఎంతో తీసేయాలి, ఎందుకంటే ఆ పన్ను ఇప్పుడూ వస్తోంది. మిగిలిందే కొత్త డబ్బు. ఆ అంకె రాసివ్వమని అడగండి. రోడ్డు వెడల్పు చెయ్యడానికీ సిగ్నల్ పెట్టడానికీ అయ్యే ఖర్చు ఎవరిదో కూడా అదే కాగితం మీద ఉండాలి.

డల్లాస్_దొర

మాస్టారూ, లెక్క బాగుంది, కానీ ఒకవైపే వేశారు. ఇప్పుడు మనమంతా పక్క ఊరికెళ్లి కొంటున్నాం కదా. ఆ పన్ను పక్క ఊరికి పోతోంది. స్టోర్ ఇక్కడికొస్తే అదంతా మన ఊరికి కొత్త డబ్బే. ప్రాపర్టీ టాక్స్ వేరే.

లెక్కల_మాస్టారు

అది నిజమే దొర గారూ, ఒప్పుకుంటున్నాను. మీ సబ్‌డివిజన్ విషయంలో ఆ వాటా పెద్దదే కావచ్చు. ప్రాపర్టీ టాక్స్ దగ్గర మాత్రం జాగ్రత్త. డార్క్ స్టోర్ వాదన అని ఒకటుంది. స్టోర్ కళకళలాడుతూ నడుస్తున్నా, దాని విలువను ఖాళీగా పడి ఉన్న పాత స్టోర్లు ఎంతకు అమ్ముడయ్యాయో చూసి లెక్కకట్టమని కంపెనీలు అడుగుతాయి. మిషిగన్‌లో మార్కెట్ (Marquette) అనే టౌన్‌షిప్ మీద ఇల్లు కట్టే సామాను అమ్మే లోస్ కంపెనీ 2014లో ఇలా గెలిచింది. ఎస్కనాబా సిటీ మీద అదే వ్యాపారం చేసే మెనార్డ్స్ కూడా మొదట ట్రిబ్యునల్‌లో గెలిచింది, 2016లో అప్పీల్ కోర్టు ఆ తీర్పు కొట్టేసి మళ్లీ విచారించమంది. చిన్న ఊరు కోర్టు ఖర్చులు పెట్టుకుని అంతదాకా పోరాడాల్సి వచ్చింది.

సీమ_సుబ్బడు

ఇన్ని లెక్కలెందుకు, జనం గట్టిగా నిలబడితే ఆగుతుంది. ఇంగిల్‌వుడ్ చూడండి. లాస్ ఏంజిలిస్ పక్కనే ఉంది. అక్కడ వాల్‌మార్ట్ సిటీ కౌన్సిల్‌ని పక్కన పెట్టి నేరుగా జనం ఓటుకే వెళ్లింది. 60 ఎకరాల్లో కడతాం, పర్యావరణ సమీక్ష వద్దు, హియరింగులు వద్దు, ఒప్పుకోండి అని. 2004 ఏప్రిల్ 6న ఓటింగ్ జరిగితే 60 శాతం మంది వద్దన్నారు. పది లక్షల డాలర్లకు పైన ప్రచారానికి పోసినా వద్దన్నారు. చర్చిల వాళ్లు, యూనియన్ల వాళ్లు గడప గడపకీ తిరిగారు.

కాకినాడ_కుర్రాడు

సుబ్బన్నా, ఆ 60 ఎకరాలే తర్వాత 2014లో ఫుట్‌బాల్ టీమ్ ఓనర్ క్రాంకీ కొన్నాడు. ఇప్పుడు సోఫై స్టేడియం ఉన్న ప్రాజెక్టులో అది కలిసిపోయింది. స్టోర్ వద్దన్నవాళ్ల ఇళ్ల పక్కకి 70 వేల మంది పట్టే స్టేడియం వచ్చింది. ఖాళీ నేల ఖాళీగానే ఉండిపోదు అన్నా. అందుకే "వద్దు" ఒక్కటే చెప్తే చాలదనిపిస్తుంది నాకు.

సీమ_సుబ్బడు

అది పదేళ్ల తర్వాతి కథ తమ్ముడూ. ఆ రోజు వాళ్లు ఓటేసింది మా ఊరి రూల్స్ నీకూ వర్తిస్తాయని చెప్పడానికి. ఆ మాట నిలబడింది కదా.

ఫార్మసిస్ట్_పద్మ

నా అనుభవం చెప్తాను. నేను పని చేసింది ఒక చిన్న ఊళ్లో, ఓనర్ నడిపే ఫార్మసీలో. ఇద్దరు ఫార్మసిస్టులం, ముగ్గురు టెక్నీషియన్లు. ఊరి చివర పెద్ద స్టోర్ తెరిచారు, లోపల ఫార్మసీతో సహా. మొదటి నెలలో మాకు ఏమీ తెలియలేదు. రెండో నెల నుంచి ఫోన్ మోగడం మొదలైంది. ట్రాన్స్‌ఫర్ కాల్స్. అవతలి ఫార్మసీ నుంచి ఫోన్ చేసి ఫలానా పేషెంట్ ప్రిస్క్రిప్షన్ ఇటు మార్చండి అంటారు. మనం పేరు, మందు, మోతాదు, ఇంకా ఎన్ని రీఫిల్స్ ఉన్నాయో చదివి వినిపించాలి. అవతల రాసుకుంటారు. ఇవతల మన కంప్యూటర్‌లో ఆ మనిషి ఫైల్ మూసేయాలి. మామూలుగా రోజుకి ఒకటో రెండో వచ్చేవి. ఒక సోమవారం 19 వచ్చాయి. అందరూ నాకు తెలిసిన పేర్లే. ఒకావిడకి నేనే వారం వారం మాత్రల డబ్బా సర్ది ఇచ్చేదాన్ని, ఏది పొద్దునో ఏది రాత్రో రంగు స్టిక్కర్లు అంటించి. ఆవిడ ఫైల్ మూసేటప్పుడు చెయ్యి ఆడలేదు.

వాళ్లని తప్పు పట్టను. నెలకి 30 డాలర్లు మిగిలితే పెన్షన్ మీద బతికేవాళ్లకి అది చిన్న మొత్తం కాదు. ఏడాదిన్నరకి మా ఓనర్ ఫైళ్లన్నీ ఒక చెయిన్‌కి అమ్మేసి తలుపులు మూశాడు. నాకు వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది. టెక్నీషియన్లలో ఇద్దరు ఆ పెద్ద స్టోర్‌లోనే చేరారు. మూడో ఆమెకి సొంత కారు లేదు, ఊరి చివరికి వెళ్లలేక మానేసింది.

వాణి, నీ కంచె బాధ నాకర్థమైంది. కానీ ఊళ్లో కారు లేనివాళ్ల మాట కూడా ఎవరో ఒకరు ఆ మైకు ముందు చెప్పండి.

వెనక_వీధి_వాణి

పద్మక్కా, చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా స్కూల్ పక్కన అలాంటి చిన్న ఫార్మసీయే ఒకటుంది. రేపు వెళ్లి ఆయనతో మాట్లాడతాను.

రెండో_షిఫ్ట్

నేను అలాంటి స్టోర్‌లోనే పని చేస్తున్నాను. ఈ దేశం వచ్చాక అయిదేళ్లు ఇంట్లో కూర్చుని, వర్క్ పర్మిట్ చేతికొచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం ఇది. నా పేరు మీద వచ్చిన మొదటి జీతం. అందుకని ఈ స్టోర్లను దెయ్యాల్లా మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది.

అలాగని అంతా బాగుందనీ చెప్పను. గంటలు మన చేతిలో ఉండవు. ఒక వారం 34, ఇంకో వారం 19. షెడ్యూల్ ఫోన్‌లో వస్తుంది, దాన్ని బట్టి బేబీ సిట్టర్‌ని వెతుక్కోవాలి. సెల్ఫ్ చెకవుట్ మెషీన్లు పెట్టాక మా ముందు వరసలో తొమ్మిది మంది చేసే పని నలుగురం చేస్తున్నాం. "300 ఉద్యోగాలు" అని హియరింగ్‌లో చెప్తే, ఫుల్ టైమ్ ఎన్ని, పార్ట్ టైమ్ ఎన్ని అని అడగండి. నాలాంటి వాళ్ల కోసం అడగండి.

కాకినాడ_కుర్రాడు

ఉద్యోగాల మీద పరిశోధనలు కూడా ఒకే మాట చెప్పవు. ఎకనామిస్ట్ ఎమెక్ బాస్కర్ 2005లో రాసిన పేపర్‌లో వాల్‌మార్ట్ వచ్చిన ఏడాది ఆ కౌంటీలో రిటైల్ ఉద్యోగాలు ఒక వంద పెరుగుతాయని, అయిదేళ్లలో అందులో సగం కరిగిపోతాయని తేలింది. డేవిడ్ న్యూమార్క్, ఇంకో ఇద్దరు కలిసి 2008లో రాసిన దాంట్లో మొత్తం మీద తగ్గుతాయని వచ్చింది. కౌంటీ రిటైల్ ఉద్యోగాలు 2.7 శాతం పడిపోతాయని, అక్కడ చేరే ఒక్కొక్కరికీ బయట 1.4 ఉద్యోగాలు పోతాయని. రెండూ చదివాను. రెండింటిలోనూ డెవలపర్ చెప్పే 300 మాత్రం లేదు.

డల్లాస్_దొర

ధరల మాట కూడా చెప్పు తమ్ముడూ. పెద్ద స్టోర్ వస్తే చుట్టుపక్కల షాపులు కూడా రేట్లు తగ్గిస్తాయి, ఎక్కువ లాభం తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకే అని కూడా పరిశోధనలున్నాయి. ఆ ఇళ్లవాళ్లు హియరింగ్‌కి రారు, ఆ టైమ్‌కి డ్యూటీలో ఉంటారు.

అసలు ఇండియాలో ఎంత గొడవ చేశారు? 2006లో హైదరాబాద్‌లో రిలయన్స్ ఫ్రెష్ మొదలైనప్పుడు కిరాణా కొట్లన్నీ మూతపడతాయన్నారు. 2012లో మల్టీ బ్రాండ్ రిటైల్‌లో 51 శాతం విదేశీ పెట్టుబడికి ఒప్పుకుంటే బంద్‌లు చేశారు, పార్లమెంటులో ఓటింగ్ దాకా వెళ్లింది. కిరాణా కొట్లు పోయాయా?

సీమ_సుబ్బడు

పోలేదు, ఎందుకో ఆలోచించండి. అక్కడ కొట్టు ఇంటి కిందే ఉంటుంది. చెప్పులేసుకుని రెండు నిమిషాల్లో వెళ్లొస్తాం, పద్దు రాసుకుంటాడు, నెలాఖరుకి కడతాం. ఇక్కడ ఇళ్ల మధ్య కొట్టు పెట్టడానికి జోనింగే ఒప్పుకోదు. ఎటూ కారు తియ్యాల్సిందే. కారు తీశాక చిన్న షాపుకైనా పెద్ద స్టోర్‌కైనా ఒకటే. అందుకే ఇక్కడ చిన్నవాడు ఓడిపోతాడు. పైగా 2012లో ఆ 51 శాతానికి పెట్టిన షరతులు తక్కువేం కాదు. పది లక్షల జనాభా దాటిన ఊళ్లలోనే పెట్టాలి, 30 శాతం సరుకు చిన్న పరిశ్రమల నుంచి కొనాలి, ఏ రాష్ట్రానికి ఇష్టమైతేనే ఆ రాష్ట్రంలోకి. ఆ షరతుల వెనక జనం గొడవ కూడా ఉందనుకుంటాను.

బెజవాడ_బ్రో

సుబ్బన్న షరతుల పక్షంలో చేరిపోయాడు, అందరూ చూశారుగా. పైన "జనం నిలబడితే ఆగుతుంది" అన్నది ఈయనే.

సీమ_సుబ్బడు

నిలబడితేనే షరతులు కూడా వస్తాయి బ్రో. కూర్చుంటే రెండూ రావు.

లెక్కల_మాస్టారు

ఖాళీ అయ్యాక ఏమిటన్నది ఎవరూ అడగలేదు. నాకు అన్నిటికన్నా భయం అదే. నార్త్ కరోలినాలో ఓరియంటల్ అని 900 మంది ఉండే చిన్న ఊరు. 2014లో వాల్‌మార్ట్ ఎక్స్‌ప్రెస్ అనే చిన్న స్టోర్ వచ్చింది. 40 ఏళ్లకు పైగా నడిచిన ఊరి కిరాణా షాపు తట్టుకోలేక 2015 చివర్లో మూసేసింది. 2016 జనవరిలో వాల్‌మార్ట్ ప్రపంచం మొత్తం మీద 269 స్టోర్లు మూస్తున్నామని ప్రకటించింది. అమెరికాలోనే 154. ఆ జాబితాలో ఓరియంటల్ కూడా ఉంది. కొన్ని నెలల తేడాలో రెండూ పోయాయి. వెస్ట్ వర్జీనియాలో మెక్‌డవెల్ కౌంటీ స్టోర్ కూడా అప్పుడే పోయింది, 2005లో తెరిచింది, పదకొండేళ్లు నడిచింది.

ప్లాన్_గీసేవాడు

మాస్టారు మంచి చోట పట్టుకున్నారు. ఇలాంటి బిల్డింగులు ఒకే పెద్ద గదిలా కడతాం. కిటికీలు ఉండవు, మధ్యలో గోడలు ఉండవు. ఇంకో పనికి వాడటం కష్టం. పైగా వెళ్లిపోయేటప్పుడు పోటీ కంపెనీకి అమ్మకూడదని డీడ్‌లో షరతు రాసి మరీ వెళ్తారు కొందరు. అందుకే ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంటాయి.

బాగా వాడుకున్న చోటు కూడా ఉంది. మన టెక్సస్‌లోనే మెకాలెన్‌లో పాత వాల్‌మార్ట్‌ని సిటీ తీసుకుని లైబ్రరీ చేసింది. 2011 డిసెంబర్‌లో తెరిచారు. దాదాపు 1,24,500 అడుగులు, అంతా ఒకే అంతస్తు. నేను పిల్లల్ని తీసుకుని వెళ్లాను. తలెత్తి చూస్తే కప్పు ఇంకా స్టోర్ కప్పులాగే అనిపిస్తుంది, కింద మాత్రం పిల్లలు నేల మీద కూర్చుని చదువుకుంటున్నారు. అయితే అంత డబ్బు, అంత ఓపిక ప్రతి ఊరికీ ఉండవు.

వాణి గారూ, మీ కాగితాల్లో పి.డి. అని ఉందా చూడండి. ప్లాన్డ్ డెవలప్‌మెంట్. అదైతే షరతులన్నీ ఆర్డినెన్స్‌లోనే రాయించవచ్చు. డాక్ ఏ వైపు ఉండాలి, రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ట్రక్కులు రాకూడదు, పది అడుగుల ఇటుక గోడ, లైట్లు కిందికే పడేలా, రిఫ్రిజిరేటెడ్ ట్రక్కు ఇంజిన్ ఆపకుండా నిలబెట్టకూడదు. ఆఖరిది మర్చిపోకండి. రివర్స్ బీప్ కాసేపే, ఆ ట్రక్కు మీద కూలింగ్ మెషీన్ మాత్రం రాత్రంతా గర్రుమంటుంది. ఆర్డినెన్స్‌లో పట్టనివి ఏమైనా ఉంటే డెవలపర్‌కీ మీ హెచ్.ఓ.ఎ.కీ (ఇళ్ల యజమానుల సంఘానికీ) మధ్య విడిగా ఒప్పందం రాసుకుని కౌంటీలో రిజిస్టర్ చేయించండి. డీడ్ షరతు పెట్టబోమని, ఖాళీ చేస్తే ఆరు నెలల్లో ప్రకటన ఇస్తామని అందులో రాయించవచ్చు. ఓటింగ్‌కి ముందే. ఓటింగ్ అయిపోయాక మా ఫోన్ కూడా ఎవరూ ఎత్తరు.

సీమ_సుబ్బడు

షరతులంటే ఒప్పుకున్నట్టే కదా. ముందే బేరానికి దిగితే ఆ 20 శాతం దేనికి?

ప్లాన్_గీసేవాడు

20 శాతం చేతిలో ఉంటేనే బేరం. లేకపోతే బతిమాలుకోవడమే.

డల్లాస్_దొర

ఆ డాక్‌ని మీ వైపు నుంచి తీసి తూర్పు పక్కకి, డ్రైనేజ్ కాలువ వైపుకి తిప్పితే మీకు సమ్మతమేనా వాణి గారూ? అటు ఇళ్లు లేవు. స్టోర్ రావాలనేవాడిని, నేనే ఆ మాట మైకులో చెప్తే ఇంకోలా వింటారనుకుంటున్నాను.

వెనక_వీధి_వాణి

డాక్ తిప్పి, రాత్రి ట్రక్కులు ఆపి, మా వైపు నీళ్లు రాకుండా చెరువు తవ్వితే నాకు సమ్మతమే. మా ఆయనకి ఇంకా కాదు. మీరు నిజంగా మాట్లాడతారా?

డల్లాస్_దొర

వస్తాను.

రెండో_షిఫ్ట్

పద్మక్క చెప్పిన కారు లేనివాళ్ల సంగతి మర్చిపోకండి. బస్ స్టాప్ ఒకటి స్టోర్ తలుపు దగ్గర పెట్టమనండి, హైవే మీద కాదు. మాతో పని చేసే ఒక పెద్దావిడ రాత్రి షిఫ్ట్ దిగి పార్కింగ్ లాట్ మొత్తం నడిచి రోడ్డు మీదికి పోతుంది, ఫుట్‌పాత్ కూడా ఉండదు.

ఫార్మసిస్ట్_పద్మ

ఇది రాసుకో వాణీ. మొదటి వరసలో రాసుకో.

వెనక_వీధి_వాణి

నిన్న హియరింగ్ అయింది. రాత్రి పదకొండున్నరకి ఇంటికొచ్చాను. 38 మంది మాట్లాడారు. నా మూడు నిమిషాల్లో ఒక్కసారి కూడా కంపెనీ మాట ఎత్తలేదు. ట్రాఫిక్ స్టడీ పేజీ 14 తీసి, కార్లు లెక్కపెట్టింది మార్చి రెండో వారంలో, ఆ వారం మన స్కూళ్లకు స్ప్రింగ్ బ్రేక్ అని చెప్పాను. కమిషన్‌లో ఒకాయన కళ్లజోడు పెట్టుకుని పేజీ తిప్పి చూశాడు. ఇంజినీరు గారూ, మీకు నమస్కారం. లాయర్ లేచి "మళ్లీ లెక్కపెడతాం" అన్నాడు.

డల్లాస్ దొర గారు వచ్చారు. "నాకు ఈ స్టోర్ కావాలి, కానీ మా పొరుగింటి పాప కిటికీ పక్కన డాక్ వద్దు" అన్నారు. హాల్లో అందరికన్నా ఎక్కువ చప్పట్లు ఆయనకే పడ్డాయి. స్కూల్ పక్కన ఫార్మసీ ఆయన కూడా వచ్చాడు కానీ మాట్లాడలేనన్నాడు, ఆయన రాసుకొచ్చిన కాగితం మా అమ్మాయి చదివింది. బస్ స్టాప్ సంగతి నేను మర్చిపోతే రెండో వరసలోంచి మా ఎదురింటావిడ లేచి చెప్పింది.

కేసు నెల రోజులు వాయిదా వేశారు. డాక్ తిప్పిన కొత్త ప్లాన్, కొత్త ట్రాఫిక్ లెక్క తెమ్మన్నారు. ఆ తర్వాత కౌన్సిల్.

డల్లాస్_దొర

కొత్త ప్లాన్‌లో డాక్ తూర్పుకి తిప్పకపోతే నేను వ్యతిరేకంగా మాట్లాడతానని లాయర్‌కి బయట చెప్పి వచ్చాను.

బెజవాడ_బ్రో

20 శాతం సంగతేమైంది అక్కా? నా టెన్షన్ అంతా దాని మీదే.

వెనక_వీధి_వాణి

సిటీ వాళ్ల పటం ప్రకారం 26 ఇళ్లు కావాలి. ఇంజినీరు గారి కాకి లెక్క సరిగ్గా సరిపోయింది. 25 అయ్యాయి. రెండు పేర్లున్న ఇళ్లలో ఇద్దరి చేతా పెట్టించాను. మిగిలిన వాటిలో కొన్ని ఇళ్లవాళ్లు సంతకం పెట్టబోమన్నారు, రెండు ఇళ్లు బ్యాంకు చేతిలో ఉన్నాయి. ఇంకొకటి అద్దెకిచ్చారు, ఓనర్లు రెండేళ్ల క్రితం ఇండియా వెళ్లిపోయారు. అద్దెకున్నవాళ్లని అడిగితే వాళ్ల నంబర్ ఇచ్చారు. గుంటూరు వాళ్లట.

ప్లాన్_గీసేవాడు

ఫారం ఈమెయిల్ చెయ్యండి, ప్రింట్ తీసి సంతకం పెట్టి స్కాన్ చేసి పంపమనండి. స్కాన్ కాపీ చెల్లుతుందో లేదో ముందే సిటీ సెక్రటరీని అడిగి రాతలో తీసుకోండి. చెల్లదంటే కొరియర్‌కి ఇప్పుడే టైమ్ ఉంది.

వెనక_వీధి_వాణి

సెక్రటరీకి పొద్దున్నే మెయిల్ పెట్టాను, ఒరిజినలే కావాలన్నారు. కొరియర్ కవర్ కూడా సిద్ధంగా పెట్టాను. ఇక్కడ ఇప్పుడు సాయంత్రం అయిదున్నర, గుంటూరులో తెల్లవారుజామున నాలుగు. ఇంకో రెండు గంటలాగి ఫోన్ చేస్తాను.